అద్దం మీది అభయం

నిరంజనస్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు ఆ మనిషి మొహంలోకి కాసేపు చూసేవారు. ప్రశ్న కంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడం ఆయనకు ముఖ్యం. ఆ చూపుకు తట్టుకోలేక కొందరు అడగబోయింది మింగేసి, ప్రసాదం తీసుకుని వెళ్లిపోయేవారు. చెంచురామయ్య మాత్రం అడిగేశాడు.

"స్వామీ, ఆయుష్షు తీరినవాడు మంచం మీదైనా పోతాడు, రోడ్డు మీదైనా పోతాడు. దానికి బండి నడిపేవాణ్ణి అనడం న్యాయమంటారా?"

చెంచురామయ్య మామూలు శిష్యుడు కాడు. ఎరువుల కొట్టు యజమాని. ఆశ్రమానికి బియ్యం తోలించేదీ, గురుపూర్ణిమకు పందిళ్లు వేయించేదీ అతనే. అతని జీపు ముందు అద్దం మీద సగానికి పైగా స్వామివారి బొమ్మ ఉండేది. కుడిచెయ్యి ఎత్తి అభయమిస్తూ, నవ్వుతూ ఉండేవారు. కింద ఎర్రటి అక్షరాలతో 'నేనున్నాను' అని రాత. అతనొక్కణ్ణే అని లాభం లేదు. అలాంటి బొమ్మ లేని బండి ఆశ్రమం ముందు ఆగితే మేమంతా దాన్ని కాస్త చిన్నచూపు చూసేవాళ్లం. బొమ్మకు దణ్ణం పెట్టి తాళం తిప్పితే ఇక అడ్డేముంది అన్నది మా ధీమా. ఎవరైనా బెల్టు పెట్టుకోమంటే "స్వామి ఉండగా ఈ తాళ్లెందుకయ్యా?" అని చెంచురామయ్య నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్వామివారు ఆ రోజు అతని మొహంలోకి చాలాసేపు చూశారు. "రేపు పొద్దున్నే రా నాయనా. జీపు వద్దు, బస్సులో పోదాం" అన్నారు. మర్నాడు జరిగింది తర్వాత చెంచురామయ్యే మాకు చెప్పాడు.

బస్సు కనిగిరి దారిలో ఒక చిన్న ఊరి దగ్గర ఆగింది. దిగగానే చెంచురామయ్య ఆ ఊరిని గుర్తుపట్టాడు. గురుపూర్ణిమ నాడు హారతి వేళకు అందుకోవాలని అతను ఈ ఊరి మలుపులోనే లారీని దాటాడు. ఎదురుగా ఒక మోపెడ్ వస్తోంది. అది బెదిరి రోడ్డు దిగడం, కల్వర్టు గోడకు కొట్టుకోవడం పక్క అద్దంలో కనపడ్డాయి. జీపు దానికి తగల్లేదు. తగల్లేదు కదా అని అతను ఆపలేదు. హారతికి అందాడు, కళ్లకద్దుకున్నాడు కూడా. మోపెడ్ నడిపిన మనిషి పోయాడని రెండో రోజుకి తెలిసింది. అప్పట్నుంచీ ఆ ఆయుష్షు మాటను పట్టుకుని వేలాడుతున్నాడు.

స్వామివారు అడుగుతూ వెళ్లి ఒక రేకుల ఇంటి ముందు ఆగారు. గుమ్మంలో చేతికి కట్టుతో ఒకామె కూర్చుని ఉంది. పోయిన మాలకొండయ్య భార్య, మస్తానమ్మ. స్వామివారిని చూడగానే ఆమె లేచి గోడకు ఆనుకుంది.

"నువ్వే గదా సామీ," అంది. "నువ్వే గదా ఆ పొద్దు మా మీదికొచ్చింది!"

చెంచురామయ్య ఏదో అనబోయాడు. స్వామివారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మా ఆయన భుజం మీదగా చూస్తా ఉండా. లారీ పక్కనించి బండి అమాంతం వచ్చేసింది. అద్దం నిండా నీ మొగమే. నవ్వతా ఉండావు. చెయ్యి ఎత్తుండావు. చెయ్యెత్తినాడు గదా, ఆపతాడులే అనుకున్నా."

స్వామివారు రెండు చేతులూ జోడించి ఒంగారు. "అవునమ్మా, నేనే" అన్నారు.

"నువ్వు అద్దం మీద బొమ్మవి. నడిపినోడి మొగం నాకు కనపడలా. అడిగినోళ్లందరికీ నీ మొగమే చెప్పినా."

ఆ మాట ఆశ్రమం దాకా అప్పటికే వచ్చింది. విని, స్వామివారి చెవిన పడకూడదని మాలో మేమే అణిచిపెట్టాం. ఆయనకు తెలియదనుకున్నాం.

మస్తానమ్మ చూపు ఒక్కసారి కూడా చెంచురామయ్య మీద పడలేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, బయటపడిపోతాడు. కానీ ఎదురుగా స్వామివారి వీపు కనపడుతోంది. నడుము నొప్పితో పీట మీద కూడా సరిగా కూర్చోలేని ముసలాయన, తను చెయ్యని పనికి ఒంగినవారు ఒంగినట్టే ఉన్నారు. చెంచురామయ్యకు చచ్చినంత పనైంది.

"నేనమ్మా," అన్నాడు. ముందుకొచ్చి మళ్లీ అన్నాడు. "నేనే నడిపింది."

ఆమె అతన్ని చూసింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"నువ్వు ఇట్టుంటావా?" అంది. "ఆయనకి శానాసేపు ఊపిరుండిందయ్యా. రెండు మూడు బండ్లు పోయినాయి, ఆగలా. ముందు పోయిన నువ్వన్నా ఆగింటే..." అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆయుష్షు మాట చెంచురామయ్య మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. పోలీస్ స్టేషన్ ఎటో స్వామివారు అడగలేదు. చెంచురామయ్యే అడిగి తెలుసుకుని, అటు నడిచాడు. ఆ మలుపు దగ్గరకొచ్చాక తల ఎత్తకుండానే అన్నాడు: "చెప్పుకోవాల్సింది అక్కడ చెప్పుకుంటాను. మీ బొమ్మను కూడా అద్దం మీద నుంచి గోకించేస్తాను స్వామీ. మీకు తలవంపులు తెచ్చాను."

స్వామివారు విరిగిన కల్వర్టు గోడ వైపు చూస్తూ అన్నారు.

"గోకించెయ్ నాయనా. ఎదురొచ్చేవాళ్లకు నడిపేవాడి మొహం కనపడనీ."