ధర్మాధికారి ఇంట్లో పోలయ్య

వెనకటికి వీరవరంలో బుట్టలల్లే మంగతాయి, అన్నిటికీ వంకలు పెట్టే మొగుడు పోలయ్యతో వేగలేక విడాకులు కోరింది.

"ఇంతమాత్రానికేనా? ఓర్చుకోవాలి!" అని కసిరాడు ధర్మాధికారి. "ముందు కొన్నాళ్లు విడిగా ఉండి చూడండి."

"చిత్తం. ఇల్లు నాది, ఆయనకు వేరే చోటు లేదు. ఓర్పు తెలిసిన తమరే ఉంచుకోండి" అందామె.

నలుగురి ముందూ కాదనలేక ధర్మాధికారి పోలయ్యను ఇంటికి తీసుకెళ్లాడు. పోలయ్య పప్పు చప్పగా ఉందన్నాడు, అమ్మగారి ముగ్గు వంకరన్నాడు, అయ్యగారి తలపాగా వంకర, తీర్పులు మరీ వంకరన్నాడు.

వారం తిరక్కుండానే ధర్మాధికారి మంగతాయి గుమ్మంలో వాలాడు.

"నీ విడాకులు మంజూరు చేశాను తల్లీ! ఇక నీ మొగుణ్ణి తీసుకుపో."

మంగతాయికి ప్రాణం లేచొచ్చింది.

"విడాకులయ్యాక నాకు మొగుడెక్కడున్నాడండీ?" అంది.