ముళ్ళు పోగొట్టుకున్న చిట్టీత

కడియం దగ్గర ఒక లంక ఊళ్ళో అబ్బులు అనే నర్సరీ రైతు ఉండేవాడు. పనిమంతుడే గాని, ఎదుటివాడు మొహం చిట్లిస్తే తట్టుకోలేడు, ఎవరేమన్నా "అలాగేనండి" అనేసేవాడు.

అతని గేటు పక్కన ఒక చిట్టీత దుబ్బు ఉండేది. ఈత చెట్టు అందరికీ తెలిసిందే. ఇది దానికి మరుగుజ్జు చెల్లెలు. మనిషి నడుము ఎత్తు దాటదు. గుట్టల మీద, రాళ్ళ మధ్య పుడుతుంది. మండుటెండకు వాడదు, నీళ్ళు పోయడం మరిచిపోయినా అలగదు. వెనకటికి దీని ఆకులతో చీపుళ్ళు కట్టేవారు, చాపలల్లేవారు; ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి. ఆకులు గొడుగులా విచ్చుకుంటాయి కనుక వరండా కుండీల్లోకీ, నడకదారి అంచులకూ ఇది ఎంతో అందం. అబ్బులు తండ్రి మన్యం నుంచి తెచ్చి నాటాడు. జనం ఆ తల్లి దుబ్బును చూసి ముచ్చటపడి, దాని పిలకలు కొనుక్కెళ్ళేవారు. నర్సరీలో ఎన్ని మొక్కలున్నా, ఆ ఇంటికి అన్నం పెట్టేది అదొక్కటే.

ఒకనాడు కల్యాణ మండపం యజమాని వచ్చాడు.

"బాగుంది గాని, ఈ ముళ్ళేంటయ్యా? పెళ్ళికొచ్చినవాళ్ళ పట్టుచీరలు చింపడానికా?"

"తీసేస్తానండి, అదెంత పని!" అన్నాడు అబ్బులు.

కత్తెర తెచ్చి, ఆకుల మొదళ్ళలోని ముళ్ళన్నీ కత్తిరించాడు. భార్య నూకరత్నం పరుగున వచ్చింది.

"ఏమయ్యా, పచ్చిగాయాలు చేస్తే పురుగు వాసన పట్టదూ? ముళ్ళు వద్దన్నాయనకి ఏ మందారమో ఇచ్చి పంపలేకపోయావా?"

"బేరాల సంగతి నీకు తెలీదు, ఊరుకో."

తరువాత బంగళా కట్టుకుంటున్న ఒకావిడ వచ్చి, "మరీ చతికిలబడ్డట్టుందండీ, కాస్త కాండం కనిపిస్తే దర్జాగా ఉంటుంది" అంది. అబ్బులు కింది మట్టలన్నీ కొట్టేశాడు. ఆ మీదట ఒక ఇంజనీరు గుబురు ఎక్కువైందన్నాడు. అబ్బులు ఇంకా వేళ్ళు పట్టని పిలకల్ని కూడా నరికి పారేశాడు.

"ఇక నన్నూ ఓ చుట్టు చెక్కెయ్, నడుం లావైందని ఎవరో అన్నారు" అంది నూకరత్నం.

అబ్బులు నవ్వాడు. వచ్చినవాళ్ళు ముగ్గురూ భేష్ అన్నారు. మళ్ళీ వస్తామన్నారు. రాలేదు.

వానలు పడ్డాయి. గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చింది. కొబ్బరికీ ఈతకూ అది యముడు. లోపల తొలుచుకుపోతున్నా పైకి ఆకు పచ్చగానే ఉంటుంది. ఒక ఉదయం నడిమధ్య లేతాకుల మొవ్వు పక్కకు వాలి కనిపించింది. నిలబెడదామని అబ్బులు పట్టుకుంటే అది చేతిలోకి ఊడి వచ్చింది. కుళ్ళు వాసన గుప్పుమంది. నూకరత్నం కత్తెర తీసుకెళ్ళి చూరులో దోపేసింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అబ్బులుకి.

ఆ వారమే మెట్ట ప్రాంతం నుంచి ఒక హెడ్మాస్టరు వచ్చాడు.

"మా బడి చుట్టూ ఏం నాటినా మేకలు ఉంచడం లేదండి. అందంగానూ ఉండాలి, మేక మూతి పెట్టకూడదు. పొట్టిగా, గుబురుగా, ముళ్ళతో ఉండే మొక్క మీ దగ్గరుందని వెతుక్కుంటూ వచ్చాను."

అబ్బులు గేటు పక్కనున్న మోడు చూపించాడు.

"ఉండేదండి. చేతులారా నేనే చంపుకున్నాను."

ఎదుటివారి మెప్పు కోసం మన స్వభావాన్ని కోసుకుంటూ పోతే, మెచ్చినవాళ్ళు తమ దారిన తాము పోతారు, చివరికి మనకు మనం కూడా మిగలం.