నోరు విప్పని పసిడి

అనగనగా ఒక రేవుపట్నం. ఆ పట్నంలో ఒక ఇల్లు, ఆ ఇంటి చావడిలో ఒక గాజు తొట్టి, ఆ తొట్టిలో ఒక రాజ్యం. రాజ్యమంటే ఎంతో అనుకునేరు! ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు మూరలు, అంతే. అయినా అందులో ఒక రాజు, ఒక మంత్రి, పద్దెనిమిది మంది ప్రజలు, అందరికీ సరిపోయేంత భయమూ ఉండేవి.

ఆ ఇంటాయన పేరు సూరన్న. బట్టల అద్దకానికి రంగులు అమ్మే వర్తకుడు. రంగులంటే ఆయనకు ప్రాణం. ఓడల వాళ్ళు ఆఫ్రికా ఖండంలోని ఒక మహాసరస్సు నుంచి చేపపిల్లల్ని తెస్తే, ఆ నీలాలూ పసుపులూ చూసి మనసు పారేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ సరస్సు నీళ్ళు సున్నపు నీళ్ళు. మన బావుల మెత్తటి నీళ్ళు ఆ చేపలకు పడవు. అందుకని సూరన్న తొట్టి అడుగున గవ్వలు పరిచి, సున్నపురాళ్ళు పేర్చి, మధ్యమధ్య గుహలు కట్టాడు. ఒక్కో చేపకు ఒక్కో గుహ. ఆ జాతికి నాలుగు రోజులు తిండి లేకపోయినా గడుస్తుంది గాని, గుహ లేకపోతే ఒక్క పూట గడవదు. గుహ లేనిదాన్ని ప్రతి చేపా తరుముతుంది, అందిన చోటల్లా రెక్కలు కొరుకుతుంది.

ఆ రాజ్యాన్ని నీలరాజు ఏలేవాడు. ఒళ్ళంతా నీలం, నీలం మీద నల్లటి చారలు. ఆయనకంటే ఒక వేలెడు చిన్నవాడు మంత్రి ఊదయ్య. రోజూ పొద్దున్నే సూరన్న భార్య అచ్చియ్యమ్మ రొయ్యపొడిలో శనగపిండి కలిపి చేసిన పసుప్పచ్చని చిన్న ఉండలు నీళ్ళ మీద చల్లేది. మేత ఆవిడది, పేరు మాత్రం రాజుది! ప్రతి చేపా పైకి వచ్చి, నోరు బాగా తెరిచి, "ఇది నీలరాజు పెట్టిన మేత" అని పలికి మరీ తినాలి. అదీ ఆ రాజ్యపు ఆచారం.

రాళ్ళన్నిటి కింద, వెలుతురు పడని ఒక సందులో జెల్ల తాత ఉండేవాడు. ఒంటి నిండా మచ్చలు, మూతికి పొడుగాటి మీసాలు. జాతి వేరు. తొట్టిలో మిగతా అందరూ పసిపిల్లలుగా ఉన్నప్పుడే ఓడెక్కినవాళ్ళు. వాళ్ళకు సరస్సు గుర్తు లేదు, తల్లి గుర్తు లేదు. తాత ఒక్కడే సరస్సులో పుట్టి పెరిగి, మీసాలు ముదిరాక వలలో పడ్డవాడు. పరాయివాడైనా రాజు దయతలచి ఆ సందు ఇచ్చాడు, కిందికి రాలిన మేత రాత్రిళ్ళు ఏరుకు తినమన్నాడు. అది కాస్తా పోతే తనకు పోయే చోటు లేదని తాతకు పగలూ రాత్రీ ఒకటే గుబులు.

తాత దగ్గరకు వచ్చిపోయేది పసిడి ఒక్కతే. నిమ్మపండు రంగు పిల్ల. ఊరికే ఉండదు, ఒకటే కబుర్లు.

"తాతా, సరస్సుకు గోడలుండవా?"

"ఉండవే అమ్మా."

"మరి అక్కడ ఎంతదాకా పోయి వెనక్కి తిరుగుతారు?"

తాతకు నవ్వొచ్చేది. నవ్వాక ఏడుపొచ్చేది. ఆ పిల్ల రాని పూట తాతకు మేత సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం నీలరాజు బల్లపరుపు రాయి మీద రెక్కలన్నీ విప్పి నాట్యమాడాడు. పసిడి ఆ రాయి చుట్టూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ గుడ్లు పెట్టింది. పసుప్పచ్చని గుడ్లు, ఆవగింజల కంటే కొంచెం పెద్దవి. పెట్టిన గుడ్డును పెట్టినట్టే వెనక్కి తిరిగి నోటితో ఏరుకుంది. అంతలో ఊదయ్య రాజుగారి గుహ దగ్గరగా వెళ్ళాడు. నీలరాజు రంకె వేసి అతని వెంట పడ్డాడు. మళ్ళీ ఆ రాయి వైపు చూడనేలేదు.

చూసింది జెల్ల తాత ఒక్కడే. సందులోంచి లెక్కపెట్టాడు. ముప్పై గుడ్లు! ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల తన జాతి ఆడవాళ్ళు చేసే పనే చేసింది. తాత సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఇక మూడు వారాలు ఆమె మెతుకు ముట్టకూడదు, పెదవి విప్పకూడదు. గుడ్లు నోట్లోనే పిల్లలై, వాటికి కళ్ళొచ్చి, తోకలొచ్చి, ఈదగల సత్తువ వచ్చాకే బయటికి వదలాలి. ముందే నోరు తెరిచిందా, పిల్లలు దక్కరు.

మర్నాడు పొద్దున్న మేత పడింది. అందరూ పైకి వచ్చారు, పలికారు, తిన్నారు. పసిడి తన గుహ వాకిట్లోనే నిలబడింది.

"ఏం పసిడీ, మా మేత చేదయిందా?" అన్నాడు నీలరాజు.

పసిడి తోక ఆడించింది. నోరు విప్పలేదు.

"పొగరు, ప్రభూ!" అన్నాడు ఊదయ్య. "తమ పేరు పలకడం నామోషీ అయిపోయింది మహాతల్లికి."

"అయితే గుహ ఖాళీ చేయించు" అన్నాడు రాజు.

అందరూ కలిసి పసిడిని గుహలోంచి గెంటేశారు. ఆమె నేరుగా తాత సందు దగ్గరకు వచ్చి, అతని కళ్ళలోకి చూసింది. అడగడానికి నోరు లేదు, చూపే ఉంది. సందులో ఇద్దరికి చోటుంది కూడా. తాత మీసాలు వెనక్కి లాక్కున్నాడు. 'రాజు కోపంగా ఉన్నాడు. కాస్త చల్లారనీ, అప్పుడు చెబుదాం' అనుకున్నాడు. పసిడి కాసేపు చూసి, మూలనున్న ఒక పెద్ద గవ్వ చాటుకు వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకు ఆమె దవడ ఉబ్బింది. ఒళ్ళు చిక్కింది. గుహ లేదు కదా, వచ్చే పోయే ప్రతివాడూ ఒక కాటు వేసి పోతున్నాడు.

ఊదయ్య అది కనిపెట్టాడు. "చూశారా ప్రభూ, ఆ దవడ! మన కళ్ళెదుట తినదు గాని, చాటుగా తమ మేత దొంగిలించి నోట్లో దాస్తోంది."

"దొంగా! నోరు తెరువు!" అని నీలరాజు గర్జించాడు.

పసిడి తల అడ్డంగా ఊపింది. రాజు దూసుకొచ్చి ఆమె డొక్కలో పొడిచాడు. ఆ దెబ్బకు ఊపిరాడక ఆమె పెదవులు రవ్వంత విడివడ్డాయి. మూడు పసుప్పచ్చని గింజలు నీళ్ళలోకి జారాయి.

"మేత! మేతే! మన మేతే!" అని అరుపులు లేచాయి. అందరూ ఎగబడ్డారు. ఒకటి రాజు మింగాడు, ఒకటి ఊదయ్య మింగాడు, మూడోది ఎవరి నోట పడిందో తెలియలేదు. "రుచి కూడా అదే" అన్నారు ఎవరో.

జెల్ల తాత సందు అంచుదాకా వచ్చాడు. నోరు తెరిచాడు. తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. 'ఇప్పుడు చెబితే, మొదటి రోజే ఎందుకు చెప్పలేదని నిలదీస్తారు' అనుకున్నాడు. పిరికివాడికి సాకులకేం కొదవ! ఆ రోజు పసిడి మళ్ళీ అతని వైపు చూసింది. తాత రాతి వైపు తిరిగి పడుకున్నాడు.

తొట్టి బయట కూడా ఆమెను అర్థం చేసుకున్నవాళ్ళు లేరు.

"ఏమే, ఆ పసుప్పచ్చది చూశావూ? మేత ముట్టడం లేదు, మూతి వాచింది. ఏదో తెగులు. తీసి పారేస్తే పీడా పోతుంది, లేకపోతే మిగతావాటికీ అంటుకుంటుంది" అన్నాడు సూరన్న.

"ఉండండి, పాపం. ప్రాణంతో ఉన్నదాన్ని పారేస్తామా? ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది అచ్చియ్యమ్మ.

అలా రాజు పొగరన్నాడు, మంత్రి దొంగతనమన్నాడు, యజమాని తెగులన్నాడు. పసిడి ఎవరికీ జవాబు చెప్పలేదు.

పదో రోజు పొద్దున్న రాజు సభ తీర్చాడు. పసిడిని రాళ్ళు లేని నడిమధ్య జాగాలోకి ఈడ్చుకొచ్చారు. రెక్కలు పీలికలై ఉన్నాయి. నిలబడలేక ఒక పక్కకు ఒరుగుతోంది. నోరు మాత్రం బిగించే ఉంది.

"ఇదే ఆఖరు" అన్నాడు నీలరాజు. "మా పేరు పలుకుతావా, లేదా? పలకకపోతే నోరు తెరిచేదాకా అందరూ కొరకండి. చచ్చినా సరే."

అందరూ చుట్టూ మూగారు. పసిడి వాళ్ళెవరినీ చూడలేదు. ఈసారి తాత సందు వైపూ చూడలేదు. ఆ చూడకపోవడమే తాత గుండెను కోసేసింది. ఎన్నో నెలలుగా పగటి వెలుతురు ఎరగని ముసలివాడు సందులోంచి బయటపడి, గవ్వల మీద ఈడ్చుకుంటూ వచ్చి, ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి ప్రభూ! ఆ నోట్లో ఉన్నది మేత కాదు. పిల్లలు."

ఊదయ్య పగలబడి నవ్వాడు. "పిల్లలా! నోట్లోనా!"

"నవ్వకు నాయనా. నిన్నూ మీ అమ్మ అలాగే మోసింది. మీ అందరి అమ్మలూ అలాగే మోశారు. మీకు తెలియదు, పసిగుడ్లుగా వచ్చారు. సరస్సులో నేను కళ్ళారా చూశాను. మీ జాతి ఆడవాళ్ళు బిడ్డలు ఈదేదాకా పస్తుంటారు, పలకరు."

నవ్వు ఆగిపోయింది.

"అబద్ధమైతే?" అన్నాడు రాజు.

"పదకొండు రోజులు ఓపిక పట్టండి. అబద్ధమైతే నా సందూ, నా ప్రాణమూ రెండూ మీవే."

"ఆ పిల్లల తండ్రి ఎవరు?"

"బల్లపరుపు రాయి మీద నాట్యమాడింది తమరే కదా ప్రభూ!"

నీలరాజు విప్పుకున్న రెక్కలు మెల్లగా ముడుచుకున్నాయి. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఆ రోజు మేము తిన్నదేమిటి?"

తాత తల వంచుకున్నాడు. "మీ బిడ్డల్నే, ప్రభూ."

మూగినవాళ్ళంతా వెనక్కి జరిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఊదయ్య వెళ్ళి రాళ్ళ చాటున దాక్కున్నాడు.

"ఆ రోజు నీకు తెలుసా?" అన్నాడు రాజు.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఇన్నాళ్ళుగా పోగేసుకున్న సాకుల్లో ఒక్కటీ తాతకు అక్కరకు రాలేదు. "భయపడ్డాను" అన్నాడు.

"నేను తెలియక తిన్నాను" అన్నాడు నీలరాజు. "నువ్వు తెలిసి చూశావు."

అంతకు మించి శిక్ష ఏమీ వెయ్యలేదు. వేసి ఉంటేనే తాతకు బాగుండేది.

పసిడిని తాత తన సందులోకి తీసుకుపోయి, తాను బయట గవ్వల మీద పడుకున్నాడు. ఆ పదకొండు రోజులూ ఎవరూ ఎవరినీ కొరకలేదు. మేత పడితే రాజు పేరు ఎవరూ పలకలేదు, పలకమని రాజూ అడగలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న పసిడి నోరు తెరిచింది. మొదట ఒకటి, వెనకే రెండు, ఆ వెనకే గుంపుగా, కళ్ళూ తోకలూ ఉన్న చిన్నారులు బయటికి ఈదుకొచ్చారు. ఇరవై ఏడుగురు. గాజుకు మొహం ఆనించి చూస్తున్న అచ్చియ్యమ్మ "అయ్యో తల్లీ! నోట్లో పిల్లల్ని పెట్టుకున్నావుటే!" అని కళ్ళు తుడుచుకుంది.

అచ్చియ్యమ్మ మెత్తగా నలిపిన మేత సందు ముందు వేసింది. పసిడి రెండుసార్లు నోటికి అందుకుని, మింగలేక వదిలేసింది. గుహ లేకుండా, తిండి లేకుండా, కాట్లు తింటూ గడిపిన రోజులు ఆమెలో ఏమీ మిగల్చలేదు. తాత దగ్గరకు వచ్చాడు. తిడుతుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"తాతా" అంది పసిడి. మూడు వారాల తర్వాత అదే మొదటి మాట. "నువ్వు రాయి దగ్గర మమ్మల్ని చూశావని నాకు తెలుసు. అందుకే నీ దగ్గరకు వచ్చాను."

మరి మాట్లాడలేదు. సాయంత్రం కాకముందే ఆమె ఒళ్ళు తేలికై పైకి లేచిపోయింది.

పిల్లలు పెరిగారు. నీలాలూ పసుపులూ దిద్దుకున్నారు. "మా అమ్మ కథ చెప్పు తాతా" అని రోజూ అతని చుట్టూ మూగేవారు. తాత మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. తాను మీసాలు వెనక్కి లాక్కున్న సంగతీ, రాతి వైపు తిరిగి పడుకున్న సంగతీ ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు.

"మరి నీకు సిగ్గెయ్యదా తాతా?" అని అడిగింది ఒక పిల్ల.

"వేస్తుందమ్మా" అన్నాడు. "అందుకే చెబుతున్నాను."

పిల్లలూ, మాట్లాడలేనివాళ్ళ మౌనం నేరం కాదు. నిజం తెలిసీ, చెప్పగలిగీ, మన చోటు పోతుందేమోనని నోరు మూసుకుంటామే, ఆ మౌనమే నేరం.