స్లెడ్జిలో పడుకున్న మెకానిక్కు

సుబేదార్ పైడిరాజు గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం అరుదు. అడిగినవాడి చేతికి స్పానరో, గుడ్డపీలికో, ఒక్కోసారి టీ గ్లాసో ఇచ్చి ఊరుకునేవారు. ఆ పూటో మర్నాడో ఏదో ఒకటి జరిగేది, జవాబు అందులో ఉండేది. మొదట్లో నాకు ఆ అలవాటు మీద మహా చిరాకు. ఒక్క ముక్క చెప్పేస్తే ఈయన సొమ్మేం పోయింది అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయన గుర్తొస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

లడఖ్ కొండల్లోని ఆ సైనిక వర్క్‌షాపులో తెలుగువాళ్లం ముగ్గురమే. పైడిరాజు గారిది విజయనగరం పక్క పల్లె, బళ్లు బాగుచేయడంలో ముప్పై ఏళ్ల సర్వీసు. నాది పలాస, నేను స్టోర్సు చూసేవాణ్ణి. మూడోవాడు నాయక్ తవిటినాయుడు, ఆయన శిష్యుడు. సైన్యంలో చేరకముందు విజయనగరంలో లారీల షెడ్డులో పని నేర్చాడు. చెయ్యి మంచిది, మాట ఇంకా మంచిది, ఆకలి మరీ మంచిది. ఎనభై అయిదు కిలోల మనిషి. పై కనుమ దగ్గర కొత్తగా పెడుతున్న చిన్న వర్క్‌షాపుకి, ఒక్కడే ఉండి అన్నీ చూసుకోగల మెకానిక్కు కావాలన్నారు. పైడిరాజు గారు సంతకం పెడితే ఆ పని నాయుడిది. ఆ కాగితం నెల్లాళ్లుగా ఆయన కోటు జేబులో మడత విప్పకుండా ఉంది.

ఒకనాటి ఉదయం టీ తాగుతూ నాయుడు ఉండబట్టలేక అడిగేశాడు. "గురువుగారూ, ఏ బండైనా విప్పుతాను, బిగిస్తాను. మీరు నేర్పిందంతా నేర్చాను. నాకింకా రానిదేటో చెప్పండి, అదీ నేర్చేసుకుంటాను."

పైడిరాజు గారు వాడి గ్లాసులో ఇంకాస్త టీ పోశారు. షెడ్డు మూలకేసి గడ్డంతో చూపించారు. "ముందా కొత్త బండి తయారుచెయ్యి."

ఆ మూల కొత్త స్నో స్కూటరు ఉంది. దానికి చక్రాలుండవు. ముందు రెండు పట్టాల మీద జారుతుంది, వెనక రబ్బరు పట్టీ తిరిగి తోస్తుంది. మనిషిని పడుకోబెట్టి లాక్కెళ్లడానికి వెనక తగిలించే స్లెడ్జి కూడా దానితోపాటే వచ్చింది. బండికీ స్లెడ్జికీ స్ప్రింగులున్నాయి. అవి ఎంత బిగించాలో, ఎంత వదలాలో చూసి ఎగువ పల్లెలోని ఆరోగ్య కేంద్రానికి అప్పగించడం మా పని. బండి నడిపేది అక్కడి నర్సు డోల్మా. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతుందేమో అనిపించే పిల్ల, పాత స్కూటరు మూలపడేదాకా దాని మీద రెండు శీతాకాలాలు ఆ కొండలన్నీ తిరిగింది.

నాయుడు గంటలో పని ముగించాడు. వాడేం చేశాడో చెబితే మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మా వైపు కొత్త లారీ కొంటే అది ముందు షెడ్డుకి వెళుతుంది. పది టన్నుల బండి మీద పదహారు ఎక్కించాలి కదా, కమాను కట్టలో, అంటే లారీ స్ప్రింగులో, ఇంకో ఇనప పట్టీ వేయిస్తారు. ఎంత బరువేసినా వంగకపోతే ఓనరు మురిసిపోతాడు. నాయుడి చెయ్యి ఆ షెడ్డులో పెరిగిన చెయ్యి. స్ప్రింగులన్నీ కంపెనీ పుస్తకంలో చెప్పినదానికంటే రెండు మెట్లు ఎక్కువ బిగించి, సీటు మీద ఎక్కి ఒక గెంతు గెంతాడు. బండి మూడు వేళ్ల మేర దిగి ఆగింది.

"రాయిలాగుంది గురువుగారూ!" అన్నాడు. నేను కూడా భేష్ అన్నాను, నాకేం తెలుసు?

సరిగ్గా అప్పుడే డోల్మా రొప్పుతూ వచ్చింది. ఎగువ పల్లెలో యాంగ్‌జోమ్ అనే ఆమెకి ఎనిమిదో నెల. రాత్రి నెత్తురు కనబడింది, తెల్లారాక ఆగింది. వైర్‌లెస్‌లో పెద్దాసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట, ఈ పూటే కిందికి తెచ్చెయ్యండి, కానీ కుదుపు తగలకూడదు, మళ్లీ నెత్తురు మొదలైతే ఇద్దరూ దక్కరు అని. మబ్బు పట్టడంతో హెలికాప్టరు రాదు. అంబులెన్సు రాగలిగింది పన్నెండు కిలోమీటర్ల దిగువన రోడ్డు దాకానే. మధ్యాహ్నం దాటితే మంచు గాలి లేస్తుందని అందరికీ తెలుసు. యాంగ్‌జోమ్‌ని నలుగురు మోసుకుంటూ మా షెడ్డుకేసి బయల్దేరారట, ఇంకో గంటన్నరలో చేరతారు.

"బండి తయారు సిస్టరమ్మా, తీసుకెళ్లు," అన్నాడు నాయుడు.

"కాలేదు," అన్నారు పైడిరాజు గారు. డోల్మాని ఎక్కమన్నారు. ఆమె మందుల సంచీతో సహా ఎక్కి కూర్చుంది. ఆయన వంగి చూశారు. బండి అర వేలు కూడా దిగలేదు.

ఆయన నాయుడికేసి తిరిగి స్లెడ్జి చూపించారు. "పడుకో."

"నేనా?"

"పొట్ట మీద చేతులేసుకుని పడుకో."

నాకు ఒళ్లు మండింది. అక్కడ నిండు మనిషి ప్రాణం మీదికొస్తుంటే ఈయనకి పరీక్షలు పెట్టే వేళా ఇది! అనేద్దామనుకున్నాను కూడా. ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. నాయుణ్ణి పరుపు మీద పడుకోబెట్టి, కంబళి కప్పి, పట్టీలు బిగించాం. దూరంగా కనిపించే రాళ్ల గోడ దాకా వెళ్లి రమ్మన్నారు. అటు అర కిలోమీటరు, ఇటు అర కిలోమీటరు. డోల్మా మెల్లిగానే నడిపింది. అయినా ప్రతి గతుకు దగ్గరా స్లెడ్జి ఎగిరెగిరి పడడం మాకు ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. నడిపే పిల్ల కూడా సీటు మీద పేలాలు వేగినట్టు ఎగురుతోంది.

తిరిగొచ్చాక నాయుడి పెదవి మీద నెత్తురు. నాలుక కొరుక్కున్నాడు. పట్టీలు విప్పినా లేవలేదు. పొట్ట మీద చేతులు అలాగే ఉన్నాయి. వాడి మొహంలో అంతకుముందెప్పుడూ చూడనంత భయం చూశాను.

"ఎలాగుంది?" అన్నారు పైడిరాజు గారు.

"చంపేసేవాణ్ణి గురువుగారూ," అన్నాడు వాడు.

అప్పుడు చూడాలి ఆయన పని! యాభై దగ్గర పడిన మనిషి మంచులో మోకాళ్లేసి కూర్చున్నారు. డోల్మాని సీటు మీద నుంచి దిగనివ్వలేదు. ఆమె బరువుకి బండి ఎంత దిగుతోందో టేపుతో కొలవడం, ఒక మెట్టు వదలడం, మళ్లీ కొలవడం. "ఎక్కినవాళ్లని బండి కాస్త కూర్చోబెట్టుకోవాలి నాయుడూ, నెట్టెయ్యకూడదు," అని గొణుగుతూ ముందు పట్టాల స్ప్రింగులు వదిలారు. స్లెడ్జి స్ప్రింగుల పని మాత్రం నాయుడికే వదిలేశారు. వాడు భయంకొద్దీ అన్నీ వదిలేసి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ వెళ్లి పడుకున్నాడు.

ఈసారి గతుకులు తెలియలేదు గానీ, రాళ్ల గోడ దగ్గరి దిబ్బ దిగుతున్నప్పుడు స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయి అడుగు ధన్‌మని కొట్టుకుంది. ఆ చప్పుడు మా దాకా వినిపించింది. నాయుడే దిగి రెండు మెట్లు బిగించి మూడోసారి పడుకున్నాడు. తిరిగొచ్చేసరికి యాంగ్‌జోమ్‌ని మోసుకొస్తున్నవాళ్లు వాలు మీద కనిపిస్తున్నారు.

"బాగుంది, చాలు," అన్నాను నేను.

నాయుడు కళ్లు మూసుకునే ఉన్నాడు. "చాల్లేదన్నా. కుడి పక్క నడుం కింద ఇంకా పొడుస్తోంది. ఒక్క మెట్టు వదలాలి."

వాడి బరువు ఎనభై అయిదు, ఆవిడది అరవై లోపు. ఆ తేడా కూడా లెక్కేసి రెండు పక్కలా తగినంత వదిలాడు. పైడిరాజు గారు వాడి చేతులకేసి చూస్తూ నిలబడ్డారు. స్పానరు అందుకోలేదు.

యాంగ్‌జోమ్ ఇరవై రెండేళ్ల పిల్ల. మొహం పాలిపోయి ఉంది. నాయుడు ఆమెని పడుకోబెట్టి పట్టీలు తనే కట్టాడు, తనకి ఎక్కడ ఒరుసుకుందో అక్కడ గుడ్డ మడిచి పెట్టాడు. బండి కదిలింది. రాళ్ల గోడ దాటి వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా ముగ్గురం గుడ్లప్పగించి చూశాం. స్లెడ్జి నీళ్ల మీద పడవలా పోయింది. తర్వాత రెండు గంటలు వైర్‌లెస్ పక్కనే కూర్చున్నాం. పన్నెండున్నరకి వైర్‌లెస్ మోగింది. అంబులెన్సు ఎక్కించామనీ, నెత్తురు మళ్లీ రాలేదనీ డోల్మా చెప్పింది. సాయంత్రానికి ఇంకో కబురు, ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల, చిన్నగా ఉంది గానీ గట్టిగా ఏడుస్తోందట. నాయుడు షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

కాగితం సంగతి వాడు మళ్లీ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

నెల తిరిగింది. తల్లీ బిడ్డా ఇంటికి రావచ్చన్నారు. మర్నాడు డోల్మా కిందికెళ్లి తీసుకురావాలనగా నాయుడు స్టోర్సుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, రెండున్నర కిలోల కందిపప్పు కావాలి."

"ఇంత పప్పేటిరా, ఊరందరికీ వండుతావేటి?"

"వండనన్నా. రేపిచ్చేస్తాను."

నాకు అంతుపట్టక వెంట వెళ్లాను. కొత్త స్ప్రింగులు నాలుగు తిరుగుళ్లకి కాస్త దిగుతాయని వాడు అప్పటికే డోల్మాని కూర్చోబెట్టి అన్నీ మళ్లీ కొలిచాడు. ఇప్పుడు పప్పు పొట్లాన్ని తువ్వాలులో చుట్టి, గుండెల మీద పెట్టుకుని, అంత మనిషీ స్లెడ్జిలో వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి పడుకోమని ఎవరూ చెప్పలేదు. డోల్మా నవ్వు ఆపుకోలేక బండి స్టార్టు చేయడానికి రెండుసార్లు తడబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పైడిరాజు గారు షెడ్డులోంచి ఎప్పుడొచ్చారో, కాసేపు చూశారు. జేబులోంచి ఆ కాగితం తీసి, స్కూటరు సీటు మీద పరిచి సంతకం పెట్టి నా చేతికిచ్చారు. తర్వాత స్లెడ్జి మీదికి వంగి, శిష్యుడి గుండెల మీది పొట్లం కాస్త సర్దారు.

"ఆ పై చివర కింద చెయ్యి పెట్టు నాయుడూ," అన్నారు. "అంత పసిదానికి మెడ నిలవదు."