అన్నగారి బిరుదులు

కంచుకోన అనే రాజ్యం ఒకటుండేది. మరీ పెద్దదేం కాదు. తూర్పు పొలిమేరలో కోడి కూస్తే పడమటి పొలిమేరలో నిద్ర లేచేవారు. దాన్ని ఏలే గోపరాజుకు మాత్రం "మహారాజా" అంటే సరిపోయేది కాదు. "మహారాజాధిరాజా" అనేదాకా తల తిప్పేవాడు కాదు.

అంతకుముందు ఆయన అన్న మల్లరాజు ఏలాడు. పిల్లలు లేని ఆ మనిషి, వయసు మళ్లాక తమ్ముడికి కిరీటం అప్పగించి కాశీ వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ ఆస్థాన భట్టు సూరనను వెంట తీసుకుపోయాడు. భట్టు అంటే, రాజుగారు సభలో అడుగుపెట్టగానే లేచి బిరుదులు చదివేవాడు. ఆ ఇంటివాళ్లకు నాలుగు తరాలుగా అదే పని. సూరన కాశీ వెళ్లాక ఆ పీట మీద అతని తమ్ముడు మాచన కూర్చున్నాడు.

కూర్చున్న రోజు నుంచీ ఒకటే పాట.

"మాచనా, మీ అన్న నోరు తెరిస్తే సభ కప్పు అదిరేది. నువ్వు తెరిస్తే ఈగ కూడా లేవడం లేదు," అనేవాడు రాజు.

"చిత్తం," అనేవాడు మాచన.

పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? గోపరాజు పట్టానికొచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో చేసిన ఘనకార్యాలు రెండు. సింహాసనం మీద దూది పరుపు మార్పించాడు. వేటకెళ్లి ఒక కుందేలును కొట్టాడు. అది కుంటిదని వేటగాళ్లు ఎవరికీ చెప్పలేదు, ఒక్క పెళ్లాలకు తప్ప. ఆ పరుపునూ ఆ కుందేలునూ తిప్పి తిప్పి పొగిడి మాచన గొంతు అరిగిపోయింది.

దసరా దర్బారుకు ఇరుగుపొరుగు రాజులు వస్తారనగా గోపరాజు అతన్ని పిలిపించాడు.

"ఈసారి అచ్చం మీ అన్న చదివినట్టే చదవాలి. ఒక్క అక్షరం తగ్గకూడదు, ఒక్క అక్షరం పెరగకూడదు. కప్పు అదరలేదో, నీ పీట ఇంకొకరికిస్తాను. నాలుగు తరాలని కూడా చూడను."

మాచన ఇంటికొచ్చి, విస్తరి ముందు కూర్చుని, అన్నం కలపకుండా ఉండిపోయాడు.

"ఏం, మళ్లీ బావగారేనా?" అంది భార్య పేరమ్మ. "నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ మీ అమ్మగారి నోట మా తోడికోడలి పులుసే గానీ నా పులుసు లేదు. నేనేమన్నా ఏడ్చానా?"

"మరేం చేశావు?"

"అచ్చం అక్కలాగే పెట్టాను. అక్క వేసినన్ని ముక్కలు, అక్క పోసినంత నూనె. వారం సరుకు ఒక్క పూటకే ఎగిరిపోయింది. మీ అమ్మగారు మళ్లీ ఆ ఊసెత్తలేదు."

మాచన అన్నం కలిపాడు.

దర్బారు నాడు సభ కిటకిటలాడింది. గోపరాజు రాగానే మాచన లేచి, ఉత్తరీయం నడుముకు బిగించి, గొంతెత్తాడు.

"పదహారు చెరువులు తవ్వించిన దొరా! కరువు ఏట కోట గాదెలు తెరిచి ఊళ్లకు పంచిన ధర్మప్రభూ! ఒంటరిగా గుర్రమెక్కి దోపిడీ దండును తరిమిన వీరా!"

కప్పు నిజంగానే అదిరింది. దూలాల మీది పావురాలు లేచిపోయాయి. చెరువుల దగ్గర గోపరాజు కుడి మీసం దువ్వాడు. గాదెల దగ్గర ఎడమ మీసం దువ్వాడు. దండు దగ్గరికొచ్చేసరికి మీసాలు చాలక మళ్లీ కుడిదే మొదలుపెట్టాడు.

"శ్రీమన్మహారాజ మల్లరాజ భూపాలా! బహుపరాక్!"

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మాచనా! అది మా అన్న పేరు!"

"చిత్తం, మహారాజాధిరాజా. చదివింది కూడా మా అన్న చదువే."

"నా పేరు పెట్టి చదవొచ్చుగా!"

"ఒక్క అక్షరం మార్చొద్దని తమరి ఆజ్ఞ. అయినా మార్చేవాణ్ణే. కానీ మధ్యాహ్నం అతిథులు ఆ పదహారు చెరువులూ చూస్తామంటే, అవి తమరివని ఏ నోటితో చెప్పను? పోనీ తమరి పరుపు చూపిద్దామా అంటే, తమరు దాని మీదే కూర్చున్నారు."

అతిథుల్లో నలుగురికి ఒక్కసారిగా దగ్గు వచ్చింది.

"అంటే, నేను మా అన్నకు తీసిపోయాననా?" అన్నాడు రాజు. ఆ మాట బడాయిగా రాలేదు, చిన్నబోయినట్టుగా వచ్చింది.

మాచన గొంతు తగ్గించాడు. "అనను ప్రభూ. మూడేళ్లుగా ఆ మాట పడుతున్నవాణ్ణి, ఇంకొకరిని ఎలా అంటాను? మా అన్నకు మీ అన్న దొరికారు. నాకు మీరు దొరికారు. ఇద్దరం తమ్ముళ్లమే. ఒకరి పరువు ఒకరం కాచుకోకపోతే మనకెవరున్నారు చెప్పండి?"

ముందు రాజు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆఖరికి నోరు కూడా తెరుచుకుని పకపకా నవ్వింది. అంతసేపూ దగ్గుతున్నవాళ్లకు అప్పటికప్పుడే నయమైపోయింది.

గోపరాజు దిగివచ్చి తన శాలువా తీసి మాచనకు కప్పాడు.

"పీట నీదేనయ్యా, నీ బిడ్డలదీను. ఇక నీ దగ్గర మీ అన్న ఊసెత్తను. సరే, వచ్చే దసరాకు నీకు సరుకు కావాలి కదా. ఏటి మీద వంతెన కట్టిస్తే ఎన్ని పద్యాలు వస్తాయి?"

మాచన వేళ్లు మడిచి చూసుకున్నాడు.

"నాలుగు, ప్రభూ. మొదటి వరదకు నిలబడితే అయిదు."