రాజుగారి అయిదు వేళ్లు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ రాజూ ఉండేవాడు, కరెంటూ ఉండేది. అది ఏ కాలమని మాత్రం అడగకండి, కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆ రాజ్యం పేరు కెరటాలకోట.

కోట కింద రేవు. రేవులో ఎత్తయిన స్తంభం మీద ఒక తుఫాను గంట. గాలి ముదిరితే కావలివాడు మీట నొక్కుతాడు. రెండు రాగి రేకులు ఒకదాన్నొకటి తాకుతాయి, కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. సముద్రం మీది పడవలన్నీ వెనక్కి తిరుగుతాయి.

అయితే ఉప్పుగాలి రాగిని బతకనిస్తుందా? నిరుడు రేకులకు చిలుం పట్టింది. తుఫాను నాడు కావలివాడు మీట నొక్కాడు, మళ్లీ మళ్లీ నొక్కాడు. గంట నోరు విప్పలేదు. చాలా పడవలు తిరిగి రాలేదు.

అప్పుడు చండవర్మ మహారాజు దూరదేశం నుంచి ఒక తెల్లని లోహం తెప్పించాడు. దాని పేరు పల్లాడియం. వెండిలా నల్లబడదు, ఉప్పుగాలికి లొంగదు. బంగారంతో పోటీపడే లోహం కనుక రేకులు మొత్తం దానితో చేయలేరు. ఉల్లిపొర కన్నా పల్చగా, ఆ లోహం కరిగిన నీళ్ల తొట్టిలో ముంచి, కరెంటు పారించి పూత ఎక్కించాలి.

కోటలో పూత పనివాళ్లు ఇద్దరు. తళుకుల భద్రయ్య ఒకడు. పని చురుకు, మాట తీపి, సభలో అందరికీ ఇష్టుడు. రెండో మనిషి సూరాంబ. పని నిదానం, మాట కటువు. ఆమె భర్త పోలయ్య పడవ నడుపుతాడు. నిరుడు తిరిగిరాని పడవల్లో ఆమె తమ్ముడిది ఒకటి.

రాజు గంట రేకుల పని సూరాంబకు ఇచ్చాడు. సింహాసనం పక్కన నిలబెట్టే ఇత్తడి నెమలిని భద్రయ్యకు ఇచ్చాడు. "మా కళ్ల ముందే చేయండి, చూడాలని ఉంది" అన్నాడు. తొట్లు కోట ముంగిట్లోకి వచ్చాయి. జనం మూగారు.

సూరాంబ రేకులను చాకలిసోడా కలిపిన నీళ్లలో మరిగించి, తోమి, తీగకు వేలాడదీసి, పైనుంచి చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు ఎక్కడా తెగకుండా పట్టుచీరలా జారాయి. శుభ్రమైన లోహానికి గుర్తు అదే. ఇక తొట్టిలో ముంచడమే తరువాయి.

అంతలో లోహం తెచ్చిన వర్తకుడు సోమిశెట్టి మిరపకాయ బజ్జీ నములుతూ వచ్చి రేకు పట్టుకున్నాడు. "ఇంత పల్చని రేకా!"

సూరాంబ రేకు లాక్కుని నీళ్లు పోసింది. వేళ్లు తగిలిన చోట నీళ్లు జారలేదు, బొట్లు బొట్లుగా నిలబడ్డాయి.

"అబ్బ, ముత్యాలు పొదిగినట్టుంది!" అని మురిశాడు శెట్టి.

"ముత్యాలు కావు శెట్టిగారూ, మీ బజ్జీల నూనె" అంది సూరాంబ. రేకు మళ్లీ సోడా నీళ్లలో పడింది.

కాసేపటికి మంత్రిగారు వచ్చారు. "నేను బజ్జీలు తినలేదమ్మా" అని నవ్వుతూ రేకు ఎత్తి చూశారు. నీళ్లు పోస్తే మళ్లీ ముత్యాలే.

"బజ్జీలు తినక్కర్లేదు మంత్రిగారూ. మనిషి చర్మానికే జిడ్డుంటుంది." మళ్లీ సోడా నీళ్లు.

ఆఖరికి మహారాజే దిగి వచ్చాడు. నెమలి మెడను అరచేత్తో ప్రేమగా పట్టుకున్నాడు. గంట రేకు మీద వేళ్లు ఆనించి "శుభం" అన్నాడు. జనం జేజేలు కొట్టారు.

"ప్రభువుల చెయ్యి పడ్డాక ఇంకేం కావాలి!" అంటూ భద్రయ్య నెమలిని అలాగే తొట్టిలో ముంచాడు. అది తెల్లగా ధగధగలాడుతూ బయటికి వచ్చింది. చప్పట్లు మోగాయి.

సూరాంబ రేకు మీద నీళ్లు పోసింది. ముత్యాలు.

కడగకుండా ముంచినా ఎవరికీ తెలియదు. పూత జిడ్డును కప్పేస్తుంది, మెరుస్తుంది కూడా. కానీ పట్టుకోదు. ఏదో ఒకనాడు పొరలా లేస్తుంది, ఆ సందులోంచి ఉప్పు దూరుతుంది. ఆ వేలిముద్రల కింద పోలయ్య పడవ ఉంది. సూరాంబ రేకును సోడా నీళ్లలో వేసింది.



"ఏం సూరాంబా, మా చెయ్యి మురికిదా?" అన్నాడు రాజు.

"ఏ చెయ్యయినా అంతే ప్రభూ. నా చెయ్యి తగిలినా కడుగుతాను. నీళ్లకు రాజెవరో తెలీదు."

"అక్కా, ఒక దండం పెట్టి ముంచేస్తే పోయేదిగా" అని గొణిగాడు భద్రయ్య.

రాజు చెవులు ఎర్రబడ్డాయి. "సరే. తొలి తుఫానుకు గంట మోగకపోతే నీ పూతశాల భద్రయ్యది" అని లోపలికి వెళ్లిపోయాడు. సూరాంబ రేకులు కడిగి, పూత ఎక్కించి, గంటకు బిగించింది.

ఊరు ఊరుకుంటుందా? "సూరాంబమ్మా, ఈ చేపను నేను తాకాను మరి, కడుక్కుంటావా?" అంది చేపలమ్మే గంగులు.

"చేపనెలాగూ కడుగుతాను. నువ్వు తూకం సరిగ్గా వెయ్యి" అంది సూరాంబ.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం తారులా కమ్ముకుంది. పోలయ్య సముద్రం మీద ఉన్నాడు. సూరాంబ పని ఆపి చెవులు రిక్కించింది. కావలివాడు మీట నొక్కాడు.

గంట ఖంగుమంది! ఆగకుండా మోగింది. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి రేవు చేరాయి. తడిసి ముద్దయిన పోలయ్య గుమ్మంలోకి వచ్చి, "తినడానికి వేడిగా ఏమైనా ఉందా?" అన్నాడు.

"ముందు కాళ్లు కడుక్కో" అంది సూరాంబ, మొహం అటు తిప్పుకుని.

అదే గాలివాన సభలోకీ తొంగిచూసింది. కిటికీలు మూద్దామని లేచిన రాజు నెమలి దగ్గర ఆగిపోయాడు. మెడ మీద పూత బుడగలెత్తి, పొట్టులా రాలింది. కింద ఇత్తడికి చిలుం పట్టింది. ఆ మచ్చకు అయిదు వేళ్లున్నాయి. రాజు తన చెయ్యి ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. భద్రయ్య స్తంభం చాటుకు జరిగాడు.

రాజు కాసేపు తన చేతిని చూసుకున్నాడు. తర్వాత పకపకా నవ్వాడు.

మర్నాడు నెమలిని మోయించుకుని సూరాంబ పూతశాలకు వెళ్లాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"దీనికి మళ్లీ పూత వెయ్యాలమ్మా. నేను ఇక్కడి నుంచే చూస్తాను. భద్రయ్యనూ తెచ్చాను, వాడికి కడగడం నేర్పు."

సూరాంబ భద్రయ్య చేతిలో తోమే కుంచె పెట్టింది.

నాటి నుంచి కెరటాలకోటలో పూతశాలకు ఎవరొచ్చినా, ఎంతవారైనా, చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతారు.

పిల్లలూ, పెద్దల మెప్పు కోసం జిడ్డును కప్పిపుచ్చిన మెరుపు తొలివానకే రాలుతుంది. ఎవరేమనుకున్నా శుభ్రంగా చేసిన పని తుఫానులోనూ నిలిచి పలుకుతుంది.