దారి లేదన్న సాక్ష్యం

వాగు దారిని కోసుకుపోయాక కొండదిగువ పల్లెలో ఇళ్లన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరికి పైడమ్మ ఒక్కతే మిగిలింది. మాట్లాడాలంటే మేకతోనే మాట్లాడాలి.

కొత్త దారికి రాజుగారు సొమ్మిచ్చారు. ఆ సొమ్ము పరగణా కచేరీ దాకా వచ్చి ఆగిపోయింది. మార్గాధికారి భూషణయ్య స్వయంగా వెళ్లి, అక్కడ దారి లేదని చూసి చెబితేనే సొమ్ము పల్లెకు చేరాలని నియమం. ఆయన వెళ్లలేదు.

పైడమ్మ కొండెక్కి దిగి రాజసభకు నడిచింది. రాజుగారు నిలదీస్తే భూషణయ్య మీసం సవరించుకున్నాడు.

"బయల్దేరాను ప్రభూ! వాగు దగ్గర పల్లకీ ఆగిపోయింది. దారే లేకపోతే ఎలా వెళ్లను? చూడకుండా సొమ్మెలా వదలను?"

"ఇంకేం చూడాలి బాబూ?" అంది పైడమ్మ. "దారి లేదని నిండు సభలో మీ నోటితోనే చెప్పారుగా!"

సభ గొల్లుమంది. రాజుగారు సొమ్ము వదలమన్నారు.

వానలకు ముందే దారి పడింది. పైడమ్మ రోజూ అరుగు అలికి, చాప పరిచి కూర్చునేది. పల్లె విడిచి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఒక సాయంత్రం మాత్రం పల్లకీ వచ్చింది. భూషణయ్య దిగకుండానే దారి చూసి, "బాగుంది, వెనక్కి పదండి" అన్నాడు.

పైడమ్మ మజ్జిగ చెంబుతో ఎదురొచ్చింది.

"అప్పుడు దారి లేక రాలేదన్నారు. ఇప్పుడేం లేక వెళ్లిపోతున్నారు బాబూ?"

భూషణయ్య పల్లకీ దించమన్నాడు.